పంటి రంగు, ఊరి నీళ్ళు, ఒక ప్లాస్టిక్ ట్రే

ముహూర్తం ఖాయమైతే తిరుపతిలో ఏ ఇంట్లోనైనా పనుల వరస ఒకేలా ఉంటుంది. మండపం, పట్టుచీరలు, వంటవాళ్ళకు అడ్వాన్సు, ఫొటోగ్రాఫర్. ఈ మధ్య ఆ వరసలోకి పళ్ళ డాక్టరు కూడా వచ్చి చేరాడు. చంద్రగిరి కోట దగ్గర ఫొటోషూట్ అనుకున్నాక, ఫోన్‌లో పాత సెల్ఫీ తీసి రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంటారు. పళ్ళు పచ్చగా కనిపిస్తాయి. పెళ్ళికి ఇంకా పది రోజులే ఉంటుంది. 'వైటెనింగ్ చేయించేస్తే సరి' అన్న మాట అప్పుడు పుడుతుంది.

పది రోజుల్లో ఏమీ జరగదని కాదు. అయితే పళ్ళకు తొడుగులా పెట్టుకునే జెల్ ట్రే మంచిదా, క్లినిక్‌లో పెట్టే లైటు మంచిదా, ఆన్‌లైన్‌లో దొరికే కిట్ చాలదా అని అడిగే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఆ రంగు పంటి మీద ఉందా, పంటి లోపల ఉందా, లేక పన్ను తయారవుతున్నప్పుడే అందులో కలిసిపోయిందా? వైటెనింగ్ చేయించుకుని డబ్బులు దండగ అనుకున్నవాళ్ళలో చాలామందికి తేడా కొట్టింది ఇక్కడే, ట్రే దగ్గర కాదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈ ప్రశ్నకు ఇంకో ముడి కూడా ఉంది. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళు.

పన్ను అసలు రంగేమిటి

పంటికి పైన కనిపించే పొర ఎనామిల్. అది సున్నం కొట్టిన గోడలా ఉంటుందని అనుకుంటాం కానీ నిజానికి అది గరుకు అద్దం లాంటిది, వెలుతురును కొంత లోపలికి పోనిస్తుంది. దాని కింద ఉండే డెంటిన్ పొర సహజంగానే లేత పసుపు. మనకు కనిపించే పంటి రంగులో ఎక్కువ భాగం ఆ లోపలి పసుపే. అందుకే ఆరోగ్యంగా ఉన్న పన్ను కూడా కాగితంలా తెల్లగా ఉండదు. ఆరేడేళ్ళ పిల్లలకు పాలపళ్ళ పక్కన కొత్త పన్ను వచ్చినప్పుడు 'ఇదేంటి, ఇంత పచ్చగా ఉంది' అని తల్లులు కంగారుపడేది ఇందుకే. పాలపన్ను తెల్లన, శాశ్వత పన్ను కాస్త పసుపు. అది జబ్బు కాదు.

వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరుగుతుంది, లోపల డెంటిన్ మందమవుతుంది. రెండూ కలిసి పన్నును ఇంకా పచ్చగా చూపిస్తాయి. పులుపు ఈ పనిని తొందరపెడుతుంది. చిత్తూరు అంటే మామిడి. ఉప్పూకారం అద్దిన పచ్చి మామిడి ముక్క, చింతకాయ తొక్కు, ఎండాకాలమంతా నిమ్మకాయ సోడా. తిన్నాక పళ్ళు పులిశాయంటామే, ఆ పులవడం నిజమే. నోట్లో ఆమ్లం ఎక్కువై పీహెచ్ దాదాపు 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. కాసేపటికి లాలాజలం సర్దిపెడుతుంది. పులుపు తిన్న వెంటనే బ్రష్ పట్టుకుని గట్టిగా రుద్దితే మాత్రం మెత్తబడిన పొర కాస్త అరిగిపోతుంది. నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దమనే వీడియోలు చేయించేది సరిగ్గా ఈ పనే. మొదటి రెండు రోజులు మెరుపు కనిపిస్తుంది, కొన్నాళ్ళకు పసుపు పెరుగుతుంది. కొండ మీద గుండు చేయించుకుంటే జుట్టు మళ్ళీ వస్తుంది. ఎనామిల్ రాదు.

గీరితే పోయేది, గీరినా పోనిది

పైమరకల సంగతి తేలిక. టీ, కాఫీ, సిగరెట్, ఖైనీ, వక్కాకు, రక్తం తక్కువగా ఉందని వాడే ఐరన్ టానిక్, చిగుళ్ళకు రాసిచ్చే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్, ఇవన్నీ పంటి పైపొర మీద రంగు పూస్తాయి. మౌత్‌వాష్ సంగతి చాలామందికి తెలియదు. వారం పదిరోజులని రాసిచ్చినదాన్ని మంచిదే కదా అని నెలల తరబడి పుక్కిలిస్తారు, పైన రోజుకు నాలుగు టీలు. పళ్ళ మధ్య గోధుమరంగు గీతలు తేలతాయి. జబ్బేదో ముదిరిందని భయపడతారు. క్లీనింగ్ చేయిస్తే అరగంటలో పోతుంది.

మనవాళ్ళు గార అనేది పాచి గట్టిపడి సున్నపురాయిలా అయిపోయిన పదార్థాన్ని. పళ్ళపొడితో, పేస్టుతో, బొగ్గు పేస్టుతో అది పోదు. డాక్టరు దగ్గర స్కేలింగ్, అంటే మనం క్లీనింగ్ అనేది ఒక్కటే దారి. 'గార తీయిస్తే పళ్ళు కదులుతాయి' అన్న మాట మన పల్లెల్లో ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఆ మాట ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి. గార పేరుకున్న చోట చిగురు, లోపలి ఎముక ఎప్పుడో తగ్గిపోయి ఉంటాయి. పళ్ళను పట్టి ఉంచినట్టు కనిపించేది ఆ గార గడ్డే. అది తీసేసరికి సందులు బయటపడతాయి, పన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది. నేరం గారది, నింద క్లీనింగ్‌ది.

వైటెనింగ్ కావాలని వచ్చినవాళ్ళకు ముందు క్లీనింగ్ చేసి వారం ఆగి చూడమనే డాక్టరు దొరికితే అదృష్టమే. పైమరకలు మాత్రమే ఉన్నవాళ్ళకు కథ అక్కడే అయిపోతుంది, ట్రే దాకా రానే రాదు. ఖైనీ, వక్కాకు అలవాటున్నవాళ్ళకు ఆ క్లీనింగ్ కుర్చీలో ఇంకో లాభం ఉంది. రంగు కంటే ముందు చూడాల్సినవి బుగ్గ లోపల తెల్లమచ్చలు, నోరు సరిగా తెరుచుకోకపోవడం. తిరుమల మీదికి పొగాకు నిషేధం కాబట్టి అలిపిరి తనిఖీ దగ్గర పొట్లాలు తీసేసుకుంటారు. కిందికి దిగాక కొత్త పొట్లం కొనకుండా ఆపే తనిఖీ ఎక్కడా లేదు.

పన్నుకు జ్ఞాపకం ఉంటుంది

ఇక గీరినా పోని రంగులు. వీటిలో ఈ ప్రాంతానికి బాగా సంబంధించింది ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళ మీద వచ్చే మచ్చలు.

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికల్లో తొలిగా నమోదైంది 1937లో, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పరిమితి మించిన చోట్లు ఉన్న జిల్లాలను కేంద్ర భూగర్భ జల మండలి జాబితా వేస్తే, అందులో ఉమ్మడి చిత్తూరు పేరూ కనిపిస్తుంది. కారణం నేల అడుగున ఉంది. గ్రానైట్ లాంటి గట్టి రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. వానలు తక్కువై, బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఆ రాయి మధ్య ఎక్కువకాలం నిలిచినవై ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఒక మిల్లీగ్రాము దాటకుంటే మంచిదంటుంది, వేరే నీళ్ళు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా ఒప్పుకుంటుంది. అన్ని ఊళ్ళ నీళ్ళూ ఇలాగే ఉంటాయని కాదు. ఒకే ఊళ్ళో రెండు బోర్ల మధ్య కూడా తేడా ఉంటుంది. నీళ్ళు కాస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. మరిగిస్తే నీళ్ళు ఆవిరవుతాయి కానీ ఫ్లోరైడ్ పోదు, ఉన్న నీళ్ళలో ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్.ఓ. ఫిల్టరైతే చాలావరకు తీసేస్తుంది.

ఇక్కడ వయసు లెక్క ముఖ్యం. శాశ్వత పళ్ళ ఎనామిల్ చిగురు లోపల తయారయ్యేది పుట్టిన కొన్ని నెలల నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ దాకా. నవ్వితే కనిపించే ముందుపళ్ళ విషయంలో మొదటి మూడు నాలుగేళ్ళే కీలకం. ఆ కాలంలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ గట్టిగా కూడుకోదు, లోపల సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఆ తరవాత ఎన్నేళ్ళు తాగినా కొత్తగా పంటి మీద మచ్చలు రావు. ఎముకల సంగతి వేరు. అందుకే పడమటి మండలాల్లో ఏదో పల్లెలో పుట్టి, ఇంటర్‌కో డిగ్రీకో తిరుపతి వచ్చి, కల్యాణి డ్యామ్ నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో తాగుతూ పదేళ్ళు గడిపినవాళ్ళ పళ్ళు కూడా చిన్నప్పటి ఊరి బోరు గురించే చెబుతాయి.

మచ్చ ఫ్లోరోసిస్‌దో కాదో పోల్చుకోవడానికి ఒక ఆనవాలుంది. అది రెండు వైపులా జతగా ఉంటుంది. కుడివైపు ముందుపంటి మీద అడ్డగీతలుగా, సున్నం మరకల్లా తెల్లదనం ఉంటే, ఎడమవైపు జోడు పంటి మీదా ఇంచుమించు అలాగే ఉంటుంది. ఎందుకంటే ఆ రెండూ ఒకే కాలంలో తయారయ్యాయి. ఒకే ఒక్క పంటి మీద మచ్చ ఉంటే అనుమానించాల్సింది వేరే కారణాన్ని. ఇక గోధుమరంగు మచ్చలు పుట్టుకతో వచ్చినవి కావు. రంధ్రాలున్న ఎనామిల్‌లోకి పన్ను బయటికి వచ్చాక టీ, పులుసు, మసాలా రంగులు ఇంకి అలా అవుతాయి.

ఫ్లోరోసిస్ పళ్ళకు వైటెనింగ్ పనికొస్తుందా? పనికొస్తుంది, కానీ జనం అనుకునే తీరులో కాదు. జెల్ తెల్లమచ్చను తీసేయదు. చుట్టూ ఉన్న పసుపు భాగాన్ని తెల్లబరిచి, మచ్చకూ దానికీ మధ్య తేడాను తగ్గిస్తుంది. చిక్కేమిటంటే మొదటి కొన్ని రోజులు మచ్చలు ముందుకంటే ఎక్కువగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే నాలుగో రోజు అద్దంలో చూసుకున్న పెళ్ళికూతురు టెన్షన్‌తో ట్రే చెత్తబుట్టలో పడేస్తుంది. రెండు మూడు వారాలు సాగితే రంగు సర్దుకుంటుంది. గోధుమ మచ్చలు చాలామందిలో బాగానే తగ్గుతాయి. పైపైన ఉన్నవైతే పలచని ఆమ్లం, మెత్తని రాపిడి పొడి కలిపి పైపొరను కొద్దిగా మాత్రమే తీసే మైక్రోఅబ్రేషన్ ఉంది.

తెల్లమచ్చలకు ఇంకో ఉపాయం రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితం చూస్తే చాలు. నూనె పీల్చిన చోట కాగితం పారదర్శకంగా మారి, అవతలి అక్షరాలు కనిపిస్తాయి. కాగితం పీచుల మధ్య గాలి ఉన్నంతసేపూ వెలుతురు చెదిరి తెల్లగా కనిపించింది, నూనె ఆ ఖాళీలు నింపేసరికి తెల్లదనం పోయింది. పంటి మచ్చలోనూ అంతే. రంధ్రాల్లోకి పలచని రెసిన్ ఇంకించి లైటుతో గట్టిపరుస్తారు, మచ్చ చుట్టుపక్కల రంగులో కలిసిపోతుంది. గుంటలు పడి, పెళుసుబారిన ముదురు ఫ్లోరోసిస్‌కు ఇవేవీ చాలవు, పైన వెనీరో (పంటి ముందువైపు అతికించే పలచని పొర), క్రౌనో (పంటికి పూర్తి తొడుగు) వేయాల్సి వస్తుంది.

టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వల్ల వచ్చే మరకలు ఇప్పుడు ఎక్కువగా పెద్దవయసువాళ్ళలోనే కనిపిస్తాయి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు ఆ మందు ఇస్తే అది కాల్షియంతో కలిసి తయారవుతున్న పంటిలో చేరిపోతుంది. బూడిదరంగు పట్టీలుగా తేలుతుంది. దీనికి ట్రే పనిచేస్తుంది కానీ నెలల లెక్క. మూడు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. చిగురు దగ్గరి పట్టీ అన్నిటికంటే మొండిది.

ఇక నల్లబడిన ఒంటి పన్ను. చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడ్డప్పుడు దెబ్బ తగిలి ఉంటుంది, లోపలి నరం చచ్చిపోయి ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. దీనికి ఎక్స్‌రే లేకుండా వైటెనింగ్ మొదలుపెట్టడం తప్పు. వేరు కొసన చీము ఉండొచ్చు. రూట్ కెనాల్ అయ్యాక పంటి లోపలే మందు పెట్టి మూసి, కొన్ని రోజులకోసారి మార్చే పద్ధతి ఉంది. ఇలాంటి ఒక్క పంటికి బయటి నుంచి జెల్ పెట్టాల్సి వచ్చినా, అటూ ఇటూ పక్క పళ్ళ భాగం కత్తిరించేసిన ప్రత్యేక ట్రే కావాలి. అన్నిటికీ పెడితే అన్నీ తెల్లబడతాయి, తేడా అలాగే ఉంటుంది.

ట్రే లోపల జరిగేది

తెల్ల పంచె మీద పడిన పసుపు మరకను సబ్బుతో ఎంత రుద్దినా పోదు, పైగా ఎర్రబడుతుంది. ఉతికి మంచి ఎండలో ఆరేస్తే రెండు రోజుల్లో మాయమవుతుంది. పసుపు ఎక్కడికీ పోలేదు, అందులోని రంగు అణువు ఎండకు విరిగిపోయింది. ట్రేలో వేసే జెల్‌లోని మందు, పెరాక్సైడ్, పంటిలో చేసేది ఇలాంటి పనే. గీరదు, కడగదు. ఎనామిల్ గుండా డెంటిన్‌లోకి ఇంకి, అక్కడి రంగు అణువులను చిన్న ముక్కలుగా విరగ్గొడుతుంది. ముక్కలైన అణువు వెలుతురును మునుపటిలా పీల్చదు కాబట్టి పసుపు కనిపించదు.

ట్రేల్లో వాడేది ఎక్కువగా కార్బమైడ్ పెరాక్సైడ్. అది విడిపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్, యూరియా వస్తాయి. 10 శాతం కార్బమైడ్ అంటే దాదాపు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్నమాట. ఈ లెక్క తెలియక జెల్ సిరంజి మీది అంకెలు చూసి మోసపోతుంటారు. 35 శాతం కార్బమైడ్, 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి కావు, రెండోది దాదాపు మూడు రెట్లు ఘాటు. దాన్ని క్లినిక్‌లో చిగుళ్ళకు అడ్డుకట్ట వేసి డాక్టరే వాడాలి.

ఈ పద్ధతి పుట్టింది కాస్త యాదృచ్ఛికంగా. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో బిల్ క్లస్మియర్ అనే పళ్ళ వరస సరిచేసే డాక్టరు, చిగుళ్ళ వాపు తగ్గడానికని ఒక పేషెంటు చేత పళ్ళకు తొడిగే ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ ఉన్న నోటి మందు వేయించాడు. చిగుళ్ళు బాగయ్యాయి, పళ్ళూ తెల్లబడ్డాయి. ఆ తరవాత రెండు దశాబ్దాలకు, 1989లో, హేవుడ్, హేమన్ అనే ఇద్దరు దీన్ని పద్ధతి ప్రకారం రాసి ప్రచురించారు. ఇన్నేళ్ళ తరవాతా 10 శాతమే అందరూ నమ్మకంగా చెప్పే మోతాదు. ఘాటు పెంచితే పని తొందరగా అవుతుంది, అంతేకానీ చివరికి వచ్చే తెలుపు ఎక్కువేమీ కాదు. పళ్ళు జివ్వుమనడం మాత్రం ఎక్కువవుతుంది.

కస్టమ్ ట్రే అంటే ఏ పంటికి ఆ పంటి గూడు ఉన్న పలచని ప్లాస్టిక్ తొడుగు. తయారీ చూడముచ్చటగా ఉంటుంది. రబ్బరు గిన్నెలో ఆల్జినేట్ పొడి, నీళ్ళు వేసి ముద్దలా కలిపి, అచ్చు పళ్ళెంలో నింపి నోట్లో పెడతారు. రెండు మూడు నిమిషాల్లో జున్నులా గట్టిపడుతుంది. వాంతి వచ్చేలా ఉంటే ముక్కుతో ఊపిరి తీసుకుంటూ తల కాస్త ముందుకు వంచితే నయం. ఆ అచ్చు ఆరిపోతే కుంచించుకుపోతుంది కాబట్టి వెంటనే అందులో గట్టి ప్లాస్టర్ పోసి పళ్ళ నమూనా తీస్తారు. దాన్ని గుర్రపునాడా ఆకారంలో అరగదీసి వాక్యూమ్ మెషిన్ మీద పెడతారు. పైన మిల్లీమీటరు మందం ఉన్న మెత్తని ప్లాస్టిక్ రేకు వేడెక్కి, బరువుకు కిందికి జారి ఉయ్యాలలా వేలాడుతుంది. సరిగ్గా అప్పుడు కిందికి దించి గాలి లాగేస్తే నమూనాకు చర్మంలా అతుక్కుంటుంది. చల్లారాక చిన్న కత్తెరతో అంచులు కత్తిరిస్తారు. ఇప్పుడు కొన్నిచోట్ల ముద్ద బదులు స్కానర్‌తో నోరు స్కాన్ చేసి నమూనా ప్రింట్ తీస్తున్నారు.

పనితనం తెలిసేది అంచుల దగ్గరే. కొందరు చిగురు వంపును అనుసరించి అలలు అలలుగా కత్తిరిస్తారు. కొందరు చిగురు మీదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి నేరుగా కోస్తారు. మొదటిదానిలో జెల్ చిగురుకు తగలదు, రెండోదానిలో జెల్ బయటికి కారదు. ఏదైనా సరే, పెట్టుకుంటే చిగురు తెల్లగా పాలిపోకూడదు, నాలుకకు గరుకు తగలకూడదు. ముందువైపు జెల్ నిలవడానికి చిన్న ఖాళీలు వదిలామని గొప్పగా చెప్పే క్లినిక్‌లున్నాయి. ఆ ఖాళీలు లేకున్నా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. వాటికోసం అదనపు డబ్బులు అడిగితే ఇవ్వక్కర్లేదు.

వేడినీళ్ళలో ముంచి కొరికి పెట్టుకునే రెడీమేడ్ ట్రేలతో చిక్కు ఏమిటంటే అవి వదులుగా ఉంటాయి. జెల్ చిగుళ్ళ మీదికి కారుతుంది, లాలాజలం లోపలికి వస్తుంది. లాలాజలంలో పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైములుంటాయి కాబట్టి మందు పంటికి చేరకముందే నిర్వీర్యమవుతుంది. కిట్‌తో వచ్చే నీలం లైటు సంగతి సరేసరి. దానివల్ల కలిగే అదనపు మేలు స్వల్పం.

వాడకంలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటే, జెల్ ఎక్కువ వేయడం. రాత్రి భోజనమయ్యాక పళ్ళు తోముకుని, సందుల్లో దారం వేసి, ట్రేలో ఒక్కో పంటి గూటిలో ముందు గోడకు పెసరగింజంత జెల్ చాలు. పెట్టుకున్నాక అంచు దాటి వచ్చినదాన్ని దూదితో తుడిచేయాలి. 10 శాతమైతే రాత్రంతా ఉంచుకోవచ్చు. మొదటి రెండు గంటల్లోనే సగం బలం అయిపోతుంది, మిగతాది మెల్లగా విడుదలవుతుంది. జివ్వుమనే పళ్ళవాళ్ళు రెండు మూడు గంటలుంచి తీసేసినా నష్టం లేదు. పొద్దున చన్నీళ్ళతో కడగాలి, వేడినీళ్ళు పోస్తే ట్రే వంకరపోతుంది. మే నెల తిరుపతి ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీదో, బండి డిక్కీలోనో ట్రే, సిరంజి వదిలేసినా అంతే సంగతి. ట్రే ఆకారం పోతుంది, జెల్ సత్తువ పోతుంది. సిరంజి ఫ్రిజ్‌లో ఉండాలి, పిల్లల చేతికి అందకుండా.

మొదట పైవరసకు మాత్రమే మొదలుపెట్టడం తెలివైన పని. కిందివరస పాత రంగులో ఉంటుంది కాబట్టి తేడా రోజూ అద్దంలో తెలుస్తుంది. రెండూ ఒకేసారి చేస్తే రెండు వారాలకు 'ఏమీ మారలేదే' అనిపిస్తుంది, కన్ను కొత్త రంగుకు అలవాటుపడిపోతుంది.

జివ్వుమనడం చాలామందికి వస్తుంది. పెరాక్సైడ్ నిమిషాల్లోనే పంటి లోపలి నరం దాకా చేరుతుంది, అది కాస్త చిరాకుపడుతుంది. చల్లని గాలి పీల్చినా, ఫ్రిజ్ నీళ్ళు తాగినా తెలుస్తుంది. ఇది తాత్కాలికం. ఒక రాత్రి మానేసి, పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివ్ పేస్టును అదే ట్రేలో పావుగంట ఉంచుకుంటే తగ్గుతుంది. రెండు వారాల ముందు నుంచే ఆ పేస్టుతో తోముకుంటే ఇంకా మంచిది. చిగురు మీద తెల్లని మచ్చ వస్తే అది జెల్ కాటు, ఒకటి రెండు రోజుల్లో మామూలవుతుంది. కానీ పిప్పిపన్ను ఉండగా జెల్ పెడితే వచ్చే నొప్పి వేరే రకం. అందుకే ముందు పిప్పిపళ్ళు పూడ్పించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడమే మేలు. చదువుకునే పిల్లలకు ఇది అసలు తొందర పనే కాదు. ఐరోపా సమాఖ్య 2012 నుంచి పద్దెనిమిదేళ్ళలోపువాళ్ళకు ఇలాంటి మందులు వాడకూడదంది.

ముహూర్తం లెక్క

పసుపు ఛాయ పళ్ళకు రెండు నుంచి ఆరు వారాలు. సిగరెట్ మరక లోపలికి ఇంకితే ఒకటి నుంచి మూడు నెలలు. ఆపేశాక రంగు కాస్త వెనక్కి జారి, రెండు వారాల్లో నిలబడుతుంది. అందువల్ల శ్రావణంలో పెళ్ళయితే జ్యేష్ఠంలోనే ట్రే నోట్లో ఉండాలి.

పది రోజులే ఉంటే? క్లీనింగ్ చేయించి, పళ్ళలో వేరే ఇబ్బందులేవీ లేకుంటే క్లినిక్‌లో ఒక సిట్టింగ్ వైటెనింగ్ చేయించుకోవచ్చు. అప్పుడు కనిపించే తెలుపులో కొంత నిజం, కొంత పన్ను ఎండిపోవడం వల్ల వచ్చిన మెరుపు. గంటసేపు నోరు తెరిచి ఉంచడంతో తడి ఆరి పన్ను ఇంకా తెల్లగా కనబడుతుంది. కొన్ని రోజుల్లో ఆ మెరుపు దిగుతుంది. ఫొటోలకు ఇబ్బంది లేదు, ఆల్బమ్‌లో మంచి తెలుపే పడుతుంది. మూడు నిద్దర్ల నాటికి అసలు రంగు తెలుస్తుంది.

ఫలితం ఏడాది నుంచి మూడేళ్ళ దాకా నిలుస్తుంది, టీ, పొగాకు అలవాటును బట్టి. ట్రే పారేయకుండా డబ్బాలో దాచుకుంటే తరవాత కొనాల్సింది జెల్ సిరంజి మాత్రమే, ఒకటి రెండు రాత్రులు పెట్టుకుంటే చాలు. క్లినిక్ లైటుకు లేని సౌలభ్యం ఇదే. ఖర్చు గురించి దిగులున్నవాళ్ళు రేణిగుంట రోడ్డులోని డెంటల్ కాలేజీలో కూడా చూపించుకోవచ్చు. మామూలుగా టీచింగ్ ఆసుపత్రుల్లో ఫీజు తక్కువ, వేచి ఉండే టైం ఎక్కువ.

క్రౌన్, ఫిల్లింగ్, వెనీర్ ఏ జెల్‌కూ తెల్లబడవు. ముందుపళ్ళలో పాత క్రౌన్ ఉన్నవాళ్ళు వైటెనింగ్ చేయించుకుంటే పక్క పళ్ళు తెల్లబడి, అదొక్కటే పాత పసుపుతో మిగిలిపోతుంది. కొత్తది వేయించుకోవాలనుకున్నా వరస తప్పకూడదు. ముందు వైటెనింగ్, ఆపేశాక రెండు వారాలు ఆగడం, ఆ తరవాతే ఫిల్లింగైనా క్రౌనైనా. పంటిలో మిగిలిన ఆక్సిజన్ ఫిల్లింగ్ మందును సరిగా అతుక్కోనివ్వదు, రంగూ అప్పటికి గాని నిలబడదు. ఆ రోజు డాక్టరు పదహారు పంటి ముక్కలున్న రంగుల పట్టీ ఒకటి తీస్తాడు. ఆ ముక్కల మీది అక్షరాల్లో ఏ అంటే ఎరుపు కలిసిన గోధుమ, బి అంటే పసుపు, సి అంటే బూడిద, డి అంటే ఎరుపు కలిసిన బూడిద. ట్యూబ్‌లైట్ కింద చూస్తుంటే కిటికీ దగ్గరికి పోదామని అడగొచ్చు. పంటి రంగు సరిగా తెలిసేది పగటి వెలుతురులోనే, అదీ లిప్‌స్టిక్ తుడిచాక.